మొగిలి ఘాటు ఎక్కని కారు

1991 జూన్ 9, ఆదివారం. ఆ మధ్యాహ్నం ఏం తిన్నాడో ప్రేమానందానికి ఇప్పటికీ గుర్తే. మామిడికాయ పప్పు, అందులో నమలాల్సినన్ని పలుకులు. "పప్పుగుత్తి కనపడలే. యాడ పోయిందో ఏమో" అంది భార్య ఆనందమ్మ, ఆయన మొహం వైపు చూడకుండా. సాయంత్రం పలమనేరు బయల్దేరితే, ముందు వారం దాకా బెంగుళూరు బస్సులనే దాటేసిన అంబాసిడర్ మొగిలి ఘాటు మధ్యలో చతికిలబడింది. బరువు తగ్గాలని ఆనందమ్మ దిగి నడిచింది. కారు రొప్పుతూ ఆమె వెనకాలే ఎక్కింది. అంత కలిసిరాని ఆదివారం తన జీవితంలో ఇంకొకటి లేదని ఆయన చాలా కాలం అనుకునేవాడు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లూ అదే వరస. ఘాటు మొదట్లో ఆనందమ్మ చెప్పులు సర్దుకునేది, మలుపు దగ్గర దిగేది, పైకెళ్లి గట్టు మీద కూర్చుని కారు కోసం చూసేది. ఆమె పోయి మూడేళ్లయింది. కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరై చిత్తూరులో ఒక్కడే ఉంటున్న ప్రేమానందం మళ్లీ ఆ దారి తొక్కలేదు. ఇప్పుడు తప్పని పని పడింది. ఆనందమ్మ చెల్లెలి కూతురు కోమలికి నాలుగు రోజుల్లో పలమనేరు చర్చిలో పెళ్లి. "పెద్దమ్మ కార్లోనే పోవాల నేను" అని ఆ పిల్ల పట్టుబట్టింది. తెల్లచీర కట్టుకున్న పెళ్లికూతురు ఘాట్లో దిగి నడిస్తే ఏం బాగుంటుంది?

అందుకే ఆయన నోటుపుస్తకంలో ఇంజను బాగుచేత పథకం రాశాడు. మొత్తం పదకొండు పనులు. కొత్త రింగులు, పెద్ద కార్బొరేటరు, అన్నిటికంటే ముఖ్యం కంప్రెషన్ పెంచడం. ఆ కారును మొదటి నుంచీ చూసిన మెకానిక్ కుప్పయ్య కొడుకు మునికృష్ణ పొద్దున్నే వచ్చాడు. మామిడి మండీ నుంచి మూడు కాళ్ల ఇనుప స్టాండు, గొలుసు కప్పీ తెచ్చి, తొమ్మిదింటికల్లా ఇంటి ముందు ఇంజనును గాల్లోకి లేపాడు.

"మూడు దినాల్లో పులిని చేసి ఇస్తా సార్. తిరుపతికి పోయి కార్బొరేటరు తెస్తా. అందాకా ఇంజను యాలాడతా ఉండనీ, ముట్టుకోవద్దండి" అని బస్సెక్కాడు.

చిత్తూరులో జూన్ నెలలో రోడ్డు పక్కన మూడు కాళ్ల స్టాండు కనబడితే దానికి అర్థం ఒకటే. అక్కడ కాయలు కొంటున్నారు. పది నిమిషాల్లో తోతాపురి కాయల ట్రాక్టరు ఒకటి ఆగింది. వెంకటముని అనే రైతు దిగాడు. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రోజులు పడిగాపులు కాసిన మొహం అది.

"ఏం సామీ, కొత్త కాటానా?"

"కాటా కాదబ్బా. ఇది కారు ఇంజను."

వెంకటముని ఇంజను చుట్టూ తిరిగి తలాడించాడు. "తూకం సరిగ్గా ఉండాదా లేదా అని ముందర బరువు యాలాడదీసి సూసుకుంటా ఉండారు. ఇంత నిజాయితీ నేను యాడా సూడలే సామీ."

"నేను కాయలు కొనను."

"తెలుసులే. అందరికీ సెప్తే తొక్కులాట అయితాది. నేను ఎవురికీ సెప్పను" అని వెంకటముని ఫోను తీసి ముగ్గురికి చెప్పాడు.

పదకొండుకల్లా వీధిలో తొమ్మిది ట్రాక్టర్లు. ముందు ఎవరొచ్చారని గొడవ మొదలైంది. ముప్ఫై ఏళ్లు పరీక్షల డ్యూటీ చేసిన ప్రేమానందానికి నంబరు లేని వరసను చూస్తే ప్రాణం ఒప్పదు. నోటుపుస్తకం కాగితాలు చించి, నంబర్లు వేసి పంచాడు. ఎండలో ఉన్నారు కదా అని మజ్జిగ కూడా ఇచ్చాడు. కాగితాల వెనక పథకం లెక్కలు రాసి ఉన్న సంగతి ఆయనకు తట్టలేదు.

నాలుగో నంబరు రైతు తన కాగితం తిప్పి గట్టిగా చదివాడు. "ఇప్పుడు 7.2. పెంచితే 8.5."

"రేటు రాసే ఇచ్చినాడప్పా!" అని వీధంతా సంబరం.

"అది కంప్రెషన్ లెక్క" అని ప్రేమానందం అరిచాడు. "పెంచితే ఇంజనుకు బలం!"

"పెంచితే రైతుకు బలం సామీ" అని వెంకటముని ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఈ కబురు గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు కొనే ఏజెంటు సురేంద్రకు చేరింది. అతను కిలోకు ఏడు రూపాయల మీద పైసా ఎక్కువ ఇవ్వని మనిషి. బైకు దిగుతూనే అడిగాడు. "ఏ కంపెనీ సార్ మీ ఎనకాల?"

"నా వెనకాల ఎవరూ లేరప్పా. మూడేళ్లయింది."

"మూడేండ్ల నుంచి ప్లానా!" సురేంద్ర పక్కకు పోయి ఫోన్లో గుసగుసలాడి వచ్చాడు. "తొమ్మిది! ఈడే తూకం, ఈడే లోడు! అయివారి స్టాండుకే కాటా కట్టండి!"

కాటా కట్టాలంటే ఇంజను దిగాలి. పదిమంది కారును తోసుకొచ్చి, ఊయల్లో పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఇంజనును దాని చోట్లోకే దించేశారు. ప్రేమానందం "వద్దు" అన్న మొదటి మాట ఈలల్లో కలిసిపోయింది. రెండో "వద్దు" ఆ మొహాలను చూశాక ఆయన నోటికే రాలేదు.

సాయంత్రం మునికృష్ణ వట్టి చేతులతో దిగాడు. "కార్బొరేటరు దొరకలా సార్. సీజను అయ్యేదాకా స్టాండు వదలనంటాడు సురేంద్ర. పెండ్లిలోపల ఇంజను ఇప్పేది జరగదు. ఎట్ల సార్?"

"ఎట్లా ఏముంది. చెప్పులు సర్దుకోమని కోమలికి చెప్పాల" అన్నాడు ప్రేమానందం.

మునికృష్ణ ఉసూరుమంటూ ఇంజనును మళ్లీ బిగించాడు. కాయలమ్ముకుని కూడా ఇంటికి పోని వెంకటముని, రుణం తీర్చుకుంటానని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"యాక్సిలరేటరు బాగా తొక్కప్పా!" అని బానెట్ కింద నుంచి మునికృష్ణ అరిచాడు.

"ఇంక దిగలా. కింద ఏందో అడ్డం ఉండాది. మ్యాట్ ఎత్తి సూస్తా ఉండు."

"మ్యాట్ ఎత్తొద్దు!"

ఆ కేకకు వీధి మొత్తం ఇటు తిరిగింది. మునికృష్ణ తల గోక్కున్నాడు. "మా నాయన పోయేముందర సెప్పినాడు సార్. ఆ కారుకు ఏమన్నా చెయ్యి, కాళ్లకాడ మ్యాట్ మాత్రం ఎత్తొద్దు, అమ్మగారికి మాటిచ్చినా అని. ఏదో మొక్కుబడి అనుకున్నా."

అప్పటికే వెంకటముని చేతిలోకి వచ్చేసింది. పిడి కోసేసి, యాక్సిలరేటరు కింద తీగతో కట్టిన చెక్కముక్క. నూనె మరకలతో నల్లబడింది. "పప్పుగుత్తి సామీ ఇది!"

ప్రేమానందం దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. ఆ పలుకుల పప్పుకు వారం ముందు, మొగిలి మలుపులో ఆయన వరసగా రెండు బస్సులను దాటాడు. ఆనందమ్మ తలుపు పిడి గట్టిగా పట్టుకుంది తప్ప ఒక్క మాట అనలేదు. చెప్తే వినే వయసు కాదు ఆయనది. ఆయన నెమ్మదిగా నడపాలని, ఆవిడ ముప్ఫై ఏళ్లు ఘాటు నడిచి ఎక్కింది.

మునికృష్ణ మళ్లీ స్టార్టు చేశాడు. ఇంజను గర్జనకు కాటా మీద కాయలు దొర్లాయి. "దీనికి రిపేరు ఎందుకు సార్? పులి మాదిరి ఉండాది!" ప్రేమానందం నవ్వుతూనే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

చీకటి పడ్డాక కోమలి ఫోను చేసింది. "పెదనాయనా, ఘాట్లో నేను దిగాల్నా?"

"అవసరం లేదులేమ్మా. మీ పెద్దమ్మ నీ వంతు కూడా నడిచేసింది."

ఆయన కారు షెడ్డులో కూర్చుని, నోటుపుస్తకంలో చిరగకుండా మిగిలిన జాబితా పేజీ మీద పదకొండు పనులూ కొట్టేశాడు. కింద ఇలా రాసుకున్నాడు: పెళ్లి మర్నాడు పప్పుగుత్తి మళ్లీ దాని చోట్లోకి. వంటింటికి కొత్తది ఒకటి.

గేటు బయట టార్చి వెలిగింది. ఎవరో రైతు చేతిలో కాగితం ఊపాడు. "సామీ, నాది పద్నాలుగో నంబరు. రేపు ఎన్నింటికి తెరుస్తారు?"

"ఎనిమిదికి రాప్పా. మజ్జిగ ఉంటాది" అని ప్రేమానందం షెడ్డు తలుపు చప్పుడు కాకుండా మూశాడు.