చొక్కా మీద పసుపు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆ చలికాలం ప్రొద్దుటూరులో మున్వర్, జమీలా దంపతులకు ఆదివారమంటే ప్రయాణమే. నూనె మిల్లులో గుమాస్తా అయిన మున్వర్‌కు ఆ ఒక్కరోజే సెలవు. పెళ్లయి ఏడాది తిరగలేదు కనుక ఒక వారం జమ్మలమడుగులో అత్తగారింటి నుంచి, ఇంకో వారం పులివెందులలో అక్కగారింటి నుంచి పిలుపులు వస్తూనే ఉండేవి. ఈ ఆదివారం ఏర్పాటు ఇంకా ఘనంగా ఉంది. జమీలా తండ్రి అబ్దుల్ సత్తార్ పలావు వండించి తెస్తానన్నాడు. అందరూ బండి కట్టించుకొని గండికోటకు పోయి, ఎండలో కూర్చుని తిని రావాలి.

తీరా పొద్దున్నే మున్వర్ చెవులకు మఫ్లర్ చుట్టుకుంటూ, గోడకు చెబుతున్నట్టుగా అన్నాడు.

"నువ్వు జమ్మలమడుక్కు పో. నేను పులివెందులకు పోయి, మధ్యాన్నానికి కోట కాడికి వస్తా."

"మళ్లా పులివెందులేనా? ఎందుకు?"

"అక్కకు ఒళ్లు బాగలేదు."

"పోయిన వారమూ అదే అంటివే. అయితే నేనూ వస్తా. వదినను చూసినట్టుంటాది."

"వద్దొద్దు! అంటుకునే జబ్బంట."

"మరి నీకు అంటుకోదా?"

మున్వర్ మఫ్లర్ ముడి బిగించాడు. ఒక దగ్గు దగ్గి, బస్సు పోతుందంటూ బయటపడ్డాడు. కొంచెం కుంటుతూ పోయాడు.

ఆ కుంటుడు జమీలా గుండెలో ముల్లులా దిగింది. కొన్ని వారాలుగా ఇదే వరస. పులివెందులకు నవ్వుతూ పోతాడు, మూలుగుతూ వస్తాడు. ఒకసారి మోచేయి గీసుకుపోయి వచ్చింది. "తలుపు తగిలింది" అన్నాడు. ఇంకోసారి చొక్కాకు గుండీలు లేవు. నిన్న ఉతకడానికి తీస్తే చొక్కా భుజం మీద అరచేయంత పసుపు మరక. అడిగితే "సలికి" అన్నాడు. చలికి పసుపు పాలలో కలుపుకొని తాగుతారు గానీ చొక్కాకు తాగించరు.

ఆమె చొక్కా పట్టుకొని పక్కింటి ఓబులమ్మ దగ్గరికి పోయింది. ఓబులమ్మవాళ్లది గొర్రెల మంద ఉన్న ఇల్లు. తప్పిపోయిన గొర్రె ఎవరి మందలో కలిసిందో వాసన చూసి చెప్పగలనని ఆమె నమ్మకం. చొక్కాను కూడా వాసన చూసింది.

"ఇది పెండ్లి పసుపే బిడ్డా."

"అక్కా! అంత మాట అనొద్దు."

"మీలోనూ పెండ్లికొడుక్కు పసుపు పూస్తారా, లేదా? పూస్తారు. మనిషి కుంటుతాండాడా? కుంటుతాండాడు. పెండ్లన్నాక ఊరేగింపుంటాది. గుర్రమెక్కింటాడు, పడింటాడు."

"వారం వారం పెండ్లి చేసుకుంటారా అక్కా?"

"పెండ్లి ఒకసారే. తక్కిన వారాలు చూసొచ్చేదానికి."

జమీలా చొక్కాలో ముఖం దాచుకొని ఏడ్చింది. ఓబులమ్మ మందను భర్త చిన్నసుబ్బయ్యకు అప్పజెప్పి, కంబళి కప్పుకొని, ఆమెను వెంటబెట్టుకొని జమ్మలమడుగు బస్సెక్కింది.

బస్టాండులో సత్తార్ సాయిబు తెల్లగుడ్డలో మూటగట్టిన పలావు తపేలా చంకన పెట్టుకొని ఎదురుచూస్తున్నాడు.

"అల్లుడేడమ్మా?"

జమీలా కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఓబులమ్మే అందుకుంది. "పులివెందులలో రెండో సంసారం పెట్టినాడంట సత్తారన్నా."

ప్రొద్దుటూరులో అనుమానంగా బస్సెక్కిన మాట జమ్మలమడుగులో సమాచారమై దిగింది. సత్తార్ ముఖం జేవురించింది. "గండికోట యాడికీ పోదు. పులివెందులకే పదండి!" అని, తపేలా కింద పెట్టడం కూడా మరిచి పులివెందుల బస్సెక్కాడు.

మూతపెట్టినా పలావు వాసన ఆగుతుందా? "పెండ్లికా సాయిబూ?" అని పక్కవాడు అడిగాడు.

"పెండ్లికే! అయిపోయిన పెండ్లికి!" అని సత్తార్ కథంతా చెప్పాడు. ముద్దనూరు దాటేసరికి వెనక సీటులోని ముసలాయన ఆ రెండో పెళ్లాన్ని తాను కళ్లారా చూశానన్నాడు. "తెల్లగా, పొడుగ్గా ఉంటాదిలే" అన్నాడు. జమీలా తన చామనచాయ చేతులను కొంగులో దాచుకుంది.

"నువ్వు ఈ పొద్దే మనింటికి వచ్చేయాల. వాని ముఖం మళ్లా చూసే పనిలేదు" అన్నాడు తండ్రి.

"ముందు ఒకసారి చూడనీ అబ్బాజాన్" అంది జమీలా మెల్లగా.

పులివెందులలో మున్వర్ అక్క షంషాద్ గడప ముందు ఎండలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. జబ్బు ఆమెను దూరం నుంచి కూడా తాకినట్టు లేదు. ముగ్గురినీ చూసి గతుక్కుమంది.

"తెలిసిపోయిందా?"

"అంతా తెలిసింది!" అని గర్జించాడు సత్తార్.

షంషాద్ బరువు దింపుకున్నట్టు ఊపిరి పీల్చుకుంది. "మంచిదైంది. జమీలాకు చెప్పరా అని నేనంటానే ఉండా. సిగ్గంట వానికి."

"ఎన్నాళ్లుగా సాగుతాంది?"

"సలి మొదలైనప్పటి నుంచి. ముందు అది వాని మాట వినేదే కాదు. ఇట్లా పట్టుకుంటే అట్లా పడేసేది. ఇప్పుడిప్పుడే మాలిమి అవుతాంది."

"పడేసేదా!" అంది ఓబులమ్మ, గౌరవంగా.

"పోయినవారం దాంతో కలిసి గుంతలో పడి భుజం వాపెక్కింది. పసుపూ సున్నం కలిపి నేనే పట్టేసినా."

పసుపు సంగతి అక్కడికి తేలిపోయింది గానీ, తేల్చుకునే స్థితిలో ఎవరూ లేరు.

"ఎవురింటిది?" అన్నాడు సత్తార్ పళ్ల మధ్య నుంచి.

"ఇంటిదేంది మామా? వలి బాషా అంగట్లోది. బాడుగకు తెచ్చుకుంటాడు. పాతదే, కానీ గట్టిది."

"తోబా! తోబా!" సత్తార్ తపేలా కిందికి జారబోతే ఓబులమ్మ పట్టుకుంది. "యాడుండారు ఇప్పుడు?"

"ఊరి బయట మిట్ట కాడ. ఆడైతే ఎవురూ చూడరు గదా."

తపేలా మళ్లీ సత్తార్ చంకకెక్కింది; ముగ్గురూ మిట్ట దారి పట్టారు. ఓబులమ్మ మధ్యలో ఒక కర్ర కూడా ఏరుకుంది. సగం దూరం పోయారో లేదో, పైనుంచి మఫ్లర్ జెండాలా ఎగురుతుండగా మున్వర్ సైకిలు మీద దూసుకొస్తూ కనిపించాడు. ఎవరో ఆసుపత్రి నర్సమ్మ అంగడికి అమ్ముకున్న, మధ్యలో కడ్డీ లేని పాత ఆడవాళ్ల సైకిలది. జమీలా చూపు వెనక క్యారియర్ మీదికి పోయింది. తెల్లగా పొడుగ్గా ఎవరూ లేరు.

"ఆపు!" అని దారికి అడ్డంగా నిలబడ్డాడు సత్తార్.

"ఆపేది ఇంకా నేర్చుకోలే మామా! పక్కకు పోండి!"

సత్తార్ సాయిబు జీవితంలో ఎవరికీ పక్కకు పోయిన మనిషి కాదు. ఆ రోజూ పోలేదు. దుమ్ము తగ్గాక చూస్తే ఆయన టోపీ నిండా పలావుతో దారి మధ్యలో కూర్చుని ఉన్నాడు. మున్వర్ కంపచెట్ల పక్కన చీలమండ పట్టుకొని మూలుగుతున్నాడు.

ఓబులమ్మ కర్ర ఎత్తింది. "ఆమె యాడప్పా?"

"ఎవురు?"

"అదే… బాడుగది!"

మున్వర్ ఇంకా తిరుగుతున్న చక్రం వైపు చూపించాడు. "అదో."

ఓబులమ్మ ఎత్తిన కర్ర మెల్లగా దించింది. తరువాత మున్వరే తల దించుకొని చెప్పాడు. "పెండ్లి మాటలప్పుడు మా పెద్దమ్మ, మావాడు సైకిలెక్కితే గాలే అని మీకు చెప్పింది. నాకు ఎక్కేదే రాదు మామా. జమీలా ఏమో, పొద్దన్నే సలిలో సైకిలు ఎనక కూర్చొని జమ్మలమడుక్కు పోవాలంటాది. ఊర్లో నేర్చుకుంటే నవ్వుతారని ఈడికి వస్తాండా."

జమీలాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సత్తార్ మీసం మీది మెతుకు తుడుచుకున్నాడు. "రెండో పెండ్లామైతే ఏం చెయ్యాల్నో నాకు తెలుసు. దీనికేం చెయ్యాలప్పా?"

మున్వర్ లేవబోయి కూలబడ్డాడు. చీలమండ బూరెలా పొంగింది. ఓబులమ్మ బండి కోసం నాలుగు వైపులా చూసింది. ఇంతలో జమీలా పోయి సైకిలు లేపింది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, వంకరపోయిన హ్యాండిలును ఒక్క గుంజుతో సరిచేసింది. కొంగు నడుముకు బిగించి సీటెక్కింది.

"ఎనక కూర్చో" అంది మొగుడితో.

"జమీలా! నీకెవరు నేర్పినారే?" సత్తార్ గొంతు కీచుమంది.

ఆమె గంట కొట్టి పెడలు తొక్కింది. సైకిలు తీగమీద నీటిబొట్టులా వంకర లేకుండా సాగిపోయింది. అంతవరకు సిగ్గుతో చచ్చిపోతున్న మున్వర్‌కు కాస్త దూరం పోయాక తల పనిచేయడం మొదలుపెట్టింది.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"పెండ్లికి ముందు."

"మీ నాయనకే తెలీదే! ఎవురు నేర్పినారు?"

"గట్టిగా పట్టుకో, గుంత వస్తాంది."

గుంత దాటింది. మున్వర్ మళ్లీ అడిగాడు.

"ఈ దావలో గుంతలు శానా ఉండాయిలే" అంది జమీలా.

తిరుగు బస్సులో ఆమె ఓబులమ్మ కంబళి కప్పుకొని హాయిగా నిద్రపోయింది. మున్వర్‌కు మాత్రం ప్రొద్దుటూరు దాకా కునుకు పట్టలేదు.