బల్ల వదలని పంట్లాము

ఇన్ నది మా ఊరి చర్చి మెట్లెక్కి, మా వంటింటి పొయ్యి ఆర్పిపోయిన వరద తర్వాత వచ్చిన మొదటి ఉపవాసాల రోజులవి. వరద తగ్గింది గానీ నా కోపం తగ్గలేదు.

కోపం మా బావమరిది బ్లాజి మీద. వరదొచ్చిన రోజు మా వీధికున్న పడవ ఒక్కటే, అది వాడిది. నా పందిని ఎక్కించరా అంటే వాడు తన బీరు పీపాలు ఎక్కించాడు.

"పంది ఈదుతుంది కదా బావా" అన్నాడు.

ఈదింది. నదికి అవతలి గట్టు వేరే దేశం, ఆస్ట్రియా. అక్కడిదాకా ఈదింది. తిరిగి రాలేదు.

మా ఆవిడ క్రెసెంజ్ వాడికి అక్క. నేను పంది అన్నప్పుడల్లా ఆమె పీపా అంటుంది.

"పంది పోతే ఒక చలికాలం పస్తు. పీపాలు పోతే నా పుట్టిల్లే పోతుంది."

"నీ పుట్టిల్లు కోసుకుని తింటామా?"

"ఇన్నేళ్లుగా తాగుతున్నావుగా."

ఈమెతో మాట్లాడటం కన్నా మాట్లాడకపోవడం మేలని పెళ్లయిన వారానికే నాకు తెలిసింది.

ఉపవాసాల్లో మేం మాంసం ముట్టం. బదులుగా చిక్కటి నల్ల బీరు తాగుతాం. పూర్వం మఠంలో సన్యాసులు కడుపు మాడకుండా కాచుకున్న బీరు అది. తాగేదేదీ ఉపవాసాన్ని చెడపదని వాళ్లే తేల్చుకున్నారు. మఠం పోయాక ఆ కాచే పని బ్లాజి తాతలకు వచ్చింది.

మొదటి పీపా తెరిచిన ఆదివారం, ఓక్ చెక్క బల్ల మీద ఆ బీరు పోస్తారు. తోలు పంట్లాము వేసుకున్నవాడు దాని మీద కూర్చుని, ఒక ముంత తాగుతూ, మధ్యాహ్నం గంట కొట్టేదాకా కదలకూడదు. లేచినప్పుడు పంట్లాము బల్లను పట్టుకుంటే బీరులో సారం ఉన్నట్టు. జారిపోతే పీపాలన్నీ కాలువపాలు. మా నాన్న కూర్చునేవాడు, ఆయన తర్వాత నేను.

ఆ ఏడు బ్లాజి పీపాలుంచే నేలమాళిగలో బురద చేరిందని, బీరు కంపు కొడుతుందని ఊళ్లో గుసగుసలు. బల్ల పట్టకపోతే బ్లాజి తలుపులు మూసుకోవాల్సిందే. మూసుకోనీ అనుకున్నాను. శనివారం నా పంట్లాము వెనక భాగానికి బాతు కొవ్వు దట్టంగా పట్టించాను.

"ఏమయ్యా, కొవ్వు జాడీ ఖాళీ అయిందేం?" అంది మా ఆవిడ.

"బూట్లకు రాశాను."

"బూట్లు ఎండిపోయి పగిలి ఉన్నాయే."

"తాగేశాయి."

"నీ బూట్లూ నీలాగే ఉన్నాయి" అని ఊరుకుంది. అలా ఊరుకోవడం చూసైనా నేను భయపడవలసింది.

ఆదివారం మా ఆవిడ తలనొప్పని చర్చికి రాలేదు. నేను తిరిగి వచ్చేసరికి పంట్లాము పొయ్యి పక్కన వెచ్చగా వేలాడుతోంది. నా కోసమే వెచ్చబెట్టింది కాబోలు అనుకున్నాను. మగవాడికి ఎన్నేళ్లొచ్చినా బుద్ధి రాదు.

బల్ల మీద బీరు పోసేది బ్లాజి ఇంటి ఆడపడుచు, అంటే మా ఆవిడే. కూజా వంచింది. కాస్త నిదానంగా పడింది. కోపంలో ఉన్నవాణ్ణి, పట్టించుకోలేదు. కూర్చున్నాను.

బ్లాజి ముంత అందించాడు. వాడి కళ్లు పీపాల మీదే ఉన్నాయి. చూసి సంతోషించి ఒక గుటక వేశాను.

బాగుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మాడీ మాడని రొట్టె అంచు రుచి, వెనకాలే ఎండు ద్రాక్ష తీపి. బురద లేదు, కంపు లేదు. మా మామగారి చేతిలో కూడా ఇంత బాగా కుదరలేదు. పంది పోయినవాడికి ఇంత మంచి బీరు పోయడం ఎంత అన్యాయం. కోపం పట్టలేక ఇంకో గుటక వేశాను. ఆ కోపంలోనే ముంత అడుగు కనబడింది.

గంట కొట్టింది. ఊరంతా చూస్తోంది. విసురుగా లేచాను.

బల్ల కూడా లేచింది.

విదిలించాను. బల్ల అవతలి కొస గిర్రున తిరిగి మా ఫాదర్‌గారి పొట్టలో పొడిచింది. ఆయన బ్లాజి మీద పడ్డాడు, బ్లాజి పీపా మీద పడ్డాడు.

"లాగండిరా" అన్నాను.

నలుగురు బల్లను అటు, నలుగురు నన్ను ఇటు లాగారు. గుండీలు పటపటా తెగాయి. నేను వచ్చాను. పంట్లాము రాలేదు.

మా ఆవిడ నడుముకున్న ఏప్రన్ విప్పి నాకు చుట్టింది. "ఊరికి చెప్పు, బీరు ఎలా ఉందో."

మోకాళ్లకు చలిగాలి తగులుతోంది.

"బావుంది" అన్నాను.

టోపీలు గాల్లోకి లేచాయి.

ఇంటికొచ్చాక అరిచాను. "బల్ల మీద ఏం పోశావే?"

"బీరులో వేసే మాల్టు గింజలు కాచిన పాకం. ముదురు పాకం."

"అది మోసం కాదూ?"

"తవుడు పెట్టి పంట్లాముకు పట్టిన నీ కొవ్వు వదిలించేసరికి నా రెక్కలు పడిపోయాయి. మోసం సంగతి నువ్వా అడిగేది?"

"ఆ బీరు పోసినా అంటుకునేది" అన్నాను, నోరు జారి.

"బీరు మీద నాకు నమ్మకం ఉందయ్యా. నీ మీదే లేదు."

ఆ పూట సూప్ తాగి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కూజా తీసుకుని వెనక సందులోంచి బ్లాజి ఇంటికి వెళ్లాను. జనం బారు తీరి ఉన్నారు. గుమ్మం పక్కన బల్ల, బల్ల మీద నా పంట్లాము. వచ్చినవాళ్లందరూ దానికి టోపీ తీసి మరీ లోపలికి వెళుతున్నారు. నాకు మాత్రం ఒక్కడూ తీయలేదు.

బ్లాజి కూజా నింపాడు. ఒక ముంత కూడా నా చేతికిచ్చి, ఇంకో బల్ల ముందుకు జరిపాడు.

"కూర్చో బావా."

"నిలబడే తాగుతాను" అన్నాను.