జాన్సన్‌గారి ఆటలమ్మ

రేపల్లెలో జాన్సన్‌లు ముగ్గురో నలుగురో ఉంటారు గానీ, బాపట్లలో పదో తరగతి కలిసి చదివినవాళ్లకు మాత్రం ఒక్కడే. జల్లెడ జాన్సన్. పదహారో ఏట వచ్చిన మొటిమలు పోతూ పోతూ బుగ్గల నిండా గుంటలు వదిలిపోయాయి. ఆ పేరు మాత్రం పోలేదు.

పాతికేళ్ల తర్వాత ఆ క్లాసు వాళ్లంతా ఆదివారం బాపట్లలో కలుస్తున్నారు. ఈసారి ఎవడూ జల్లెడ అనకూడదని జాన్సన్ పంతం. అదే క్లాసులో చదివి, తర్వాత అతన్ని కట్టుకున్న సింధుకు కూడా చెప్పకుండా, ఆఫీసు మీటింగని సోమవారం తెనాలి రైలెక్కాడు.

స్కిన్ డాక్టరమ్మ ముఖానికి మందు పూసింది. "వారం రోజులు చర్మం పొరలుగా ఊడుతుందండి. గిల్లకూడదు, ఎండలోకి వెళ్లకూడదు. గుంటలు తగ్గాలంటే ఐదారు సార్లు రావాలి."

జాన్సన్ చెవికి 'వారం రోజులు' మాత్రమే ఎక్కింది.

మూడో రోజుకి ముఖం పాత గోడ సున్నంలా పెచ్చులు లేచింది. నడివేసవిలో మంకీ క్యాప్ పెట్టుకుని కాఫీకి కూర్చున్నాడు.

"ఏంటండీ ఆ టోపీ?"

"చలిగా ఉందే."

"ఫ్యాను ఐదులో పెట్టుకునా?" అంటూ సింధు టోపీ లాగేసింది. "ఇదేంటి?"

"ఆటలమ్మేమోనే!" నోటికొచ్చింది అనేశాడు జాన్సన్.

సింధు ఆ ముఖాన్ని పరీక్షగా చూసింది. "అయ్యో, సందేహమే లేదండి. ఆటలమ్మే."

గంటలో జాన్సన్ వెనక గదిలో వేపాకుల మీద ఉన్నాడు. అత్తగారు లక్ష్మమ్మ పెరుగన్నం పళ్లెం గుమ్మంలో పెట్టి, చేతికర్రతో లోపలికి నెట్టింది. పాస్టరుగారు కిటికీ అవతల ముక్కుకు రుమాలు కట్టుకుని, బైబిల్లో యోబుకు లేచిన కురుపులతో మొదలుపెట్టి అరగంట ప్రార్థన చేశారు. సింధు క్లాసు వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టింది. 'త్వరగా కోలుకో జల్లెడా' అని నలభై రెండు మెసేజీలు వచ్చాయి.

ఆదివారం పొద్దున్నే సింధు పట్టుచీర కట్టింది.

"నేనూ వస్తానే! తగ్గిపోయింది!"

"ఆటలమ్మ మనిషిని రైలెక్కనిస్తారటండీ?"

జాన్సన్ తల దించుకున్నాడు. "అది ఆటలమ్మ కాదే. తెనాలిలో..."

"డాక్టరమ్మ మందు పూసింది. తెలుసండి. సన్‌స్క్రీన్ బీరువాలో ఉంది, రాసుకోండి."

"నీకెలా తెలుసు?"

"ఆర్నెల్లుగా నేనూ ఆవిడ దగ్గరికే వెళ్తున్నా. ఐదు సార్లయింది. నా ముఖమూ ఇలాగే ఊడింది. మీరు ఒక్కరోజన్నా చూస్తేగా!"

జాన్సన్ ఇప్పుడు చూశాడు. ఆమె గడ్డం మీద గరుకు పోయింది, బుగ్గల మీద మచ్చలు పలచబడ్డాయి. పాతికేళ్లుగా తన ముఖం గురించి బెంగపడ్డాడు గానీ, ఆమెకూ అలాంటి బెంగ ఉంటుందని ఏనాడూ తోచలేదు. నిజంగానే సిగ్గేసింది.

"బాగున్నావే" అన్నాడు.

"బాపట్లలో ఎవరో ఒకరు అంటారనుకున్నా. మీరే ముందన్నారు, సంతోషం." సింధు నవ్వుతూ చెప్పులేసుకుంది. "వేపాకు మార్చమని అమ్మకు చెప్పా. గిల్లుకోకండి, ఎండలోకి రాకండి."

జాన్సన్ బుద్ధిగా వెళ్లి వేపాకుల మీద కూర్చున్నాడు.