నా తరఫున ఊ కొట్టే యంత్రం

మనిషి చెవులు తయారుచేసినవాడు పేటెంటు తీసుకోలేదు. అందుకే అవి ఇంత నాసిరకంగా ఉన్నాయి!

మీరే ఆలోచించండి. కళ్ళకు రెప్పలున్నాయి, చూడాలని లేకపోతే మూసుకోవచ్చు. నోటికి పెదవులున్నాయి. మరి చెవులకేమున్నాయి? ఎవరేం చెబితే అది లోపలికి పోవాల్సిందే. పోతే పోయింది, అందినట్టు ప్రతి రెండు వాక్యాలకీ ‘ఊఁ’ అని రసీదు కూడా ఇచ్చుకోవాలి. మనలో ఊ కొట్టకుండా విన్నవాణ్ణి విన్నవాడి కింద ఎవరైనా ఒప్పుకున్నారా? ఫోన్లో ఒక్క క్షణం ఊ ఆగితే చాలు, “హలో, ఉన్నావా?” అంటారు. ఉండక ఎక్కడికి పోతాం?

ఈ వెట్టిచాకిరి నుంచి నన్ను విడిపించిన మహానుభావుడు మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. ఆయన పగలంతా పాడైపోయిన సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఇంటికొచ్చాక బాగున్నవాటిని విప్పుతాడు. అలా విప్పగా విప్పగా ఆయనకి పేటెంట్లు రావడం మొదలైంది. “ఇంకో పేటెంటు ఈ గడప దాటి లోపలికొస్తే, నేను గడప దాటి బయటికి పోతా” అని మా మరదలు తెగేసి చెప్పడంతో, ఆయన ఆవిష్కరణలన్నీ మా ఇంటి వెనక గదికి చేరాయి.

ఆ గది గొప్పతనం ఎంతని చెప్పను? అందులో ఒక గొడుగుంది. ఫోన్లో వాతావరణ సూచన చూసుకుని, వాన పడుతుందని దానికి నమ్మకం కుదిరితేనే తెరుచుకుంటుంది. మొన్న కుండపోతలో నడిరోడ్డు మీద నిలబడి దాని పిడి నొక్కుతుంటే, “ప్రస్తుతం ఆకాశం నిర్మలంగా ఉంది” అని చెప్పింది. నేను తడిసి ముద్దయిన మాట నిజమే. కానీ ఎంత మర్యాదగా చెప్పింది!

చెప్పుల జత ఒకటుంది. ఎక్కడ విడిచామో మరిచిపోతే ఫోనుకి కబురు పెడుతుంది. ఫోను ఎక్కడ పెట్టామో మరిచిపోతే దానికి వేరే పేటెంటు కావాలట. టీ ఎంత వేడిగా ఉందో ఫోన్లో చూపించే కప్పు కూడా ఉంది. పాస్‌వర్డ్ కొట్టి, ఓటీపీ తెప్పించుకుని చూసేసరికి ‘చల్లారింది’ అని చూపిస్తుంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పు చూపించలేదు!

ఇవన్నీ ఒక ఎత్తు, ఊ యంత్రం ఒక ఎత్తు. చూడ్డానికి అగ్గిపెట్టెంత ఉంటుంది. ఫోను వీపుకి అతికిస్తే చాలు, అవతలివాళ్ళు మాట్లాడినంతసేపూ మన గొంతుతో ఊ కొడుతుంది. పేటెంటు కాగితంలో దీన్ని ‘శ్రోత శరీరము అందుబాటులో ఉండి, మనస్సు అందుబాటులో లేని సందర్భములలో, శ్రోత ఉనికిని ధ్వని రూపమున కొనసాగించు పరికరము’ అని వర్ణించారు. నా సంసార జీవితాన్ని ఇంత క్లుప్తంగా ఇంతవరకూ ఎవరూ వర్ణించలేదు.

నా ఊలన్నీ రికార్డు చేసుకోవడానికి మా తోడల్లుడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. “అన్నయ్యగారూ, ఇప్పుడు జాలిగా ఊ అనండి. ఆఁ, ఇప్పుడు ఆశ్చర్యంగా. ఇప్పుడు సగం నమ్మినట్టు.” అన్నీ అన్నాను. తీరా “సంతోషంగా అనండి” అనేసరికి చిక్కొచ్చి పడింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అది దగ్గులాగే వచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచే, “అది ఆయన దగ్గర లేదు మరిదిగారూ, ఉన్నవాటితో సర్దుకోండి” అంది.

యంత్రం తెలివి చూడండి. అవతలి గొంతు ఆగితే ‘ఊఁ’ అంటుంది. వణికితే ‘అయ్యో’ అంటుంది. ఎవర్నైనా తిడుతున్నట్టు వేగం పెరిగితే ‘మరే!’ అంటుంది. ఏదైనా అడుగుతున్నట్టు గొంతు చివర పైకి లేస్తే ‘అలాగే’ అంటుంది. ‘అలాగే’ ఎందుకంటారా? కాదంటే ఎందుకు కాదని అడుగుతారు. అప్పుడు మళ్ళీ మాట్లాడాలి. అలాగే అంటే అక్కడితో అయిపోతుంది. ఇదంతా సైన్సు!

దీనివల్ల సమాజానికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. ఇన్సూరెన్సు అమ్మే అమ్మాయి ఒకతె ఫోను చేసి, తన పాఠం మొత్తం అప్పజెప్పి, చివర్లో “ఉద్యోగంలో చేరాక నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చింది మీరొక్కరే సార్” అని గద్గదమైపోయింది. యంత్రం “అయ్యో” అంది. మా పత్రిక సంపాదకుడు ఫోను చేసినప్పుడు అది ‘అలాగే’ అన్న పాపానికి, మురుగు కాలవల మీద పన్నెండు వ్యాసాలు రాయాల్సి వచ్చింది. పోనీండి, కాలవల గురించి నాకూ నాలుగు విషయాలు తెలిశాయి.

ఇంతలో మా ఆవిడ కూడా ఒక యంత్రం పెట్టించుకుంది. దానికి ముందే వాళ్ళ చెల్లెలు పెట్టుకుందని తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం అక్కచెల్లెళ్ళ ఫోన్లు రెండూ ఒకదానికొకటి ఊ కొట్టుకుంటూ కూర్చున్నాయి. ఇటు నుంచి “ఊఁ”. అటు నుంచి “ఊఁ”. ఇటు నుంచి “మరే!”. ఎవరిని తిట్టుకున్నాయో ఎవరికీ తెలియదు! ఫోను పెనంలా కాలిపోయేదాకా సాగింది ఆ సంభాషణ. ఇప్పటిదాకా వాళ్ళిద్దరి మధ్య ఒక్క మాటపట్టింపు లేదంటే నమ్ముతారా?

ఇంతకీ ఇది నాకెందుకు కావలసి వచ్చిందో చెప్పనేలేదు. మా అక్క కోసం.

మా అక్క వేరే ఊళ్ళో బట్టలు కుడుతుంది. ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో మంచం. అదే షాపు, అదే ఇల్లు. బావ పోయాక ఒక్కతే ఉంటోంది. రోజూ సాయంత్రం షాపు తలుపు దగ్గరికి వేసి నాకు ఫోను చేస్తుంది. తాను లావెక్కి, జాకెట్టు బిగుతుగా కుట్టావని దెబ్బలాడిన మనిషి దగ్గర మొదలుపెట్టి, ఆ మనిషి అత్తగారి దాకా వెళ్ళి వెనక్కి వస్తుంది. ఊ కొట్టీ కొట్టీ నా దవడ పట్టేసేది.

అదైనా భరించవచ్చు. కానీ ఈమధ్య ఆమె మాట కొత్త దారి పట్టింది. “ఒరే తమ్ముడూ, ఈ బిల్డింగు పడగొట్టి కొత్తది కడతారటరా. షాపు ఖాళీ చెయ్యమంటున్నారు.”

“చూద్దాంలే అక్కా” అన్నాను.

మర్నాడు మళ్ళీ అదే. “ఎక్కడికి పోవాలో తోచట్లేదురా.”

“చూద్దాంలే అక్కా. ఇదిగో బస్సొచ్చేసింది, ఉంటా” అన్నాను. నేనప్పుడు మా హాల్లో, పడక్కుర్చీలో ఉన్నాను.

ఆ మాట ఎటు పోతోందో నాకు తెలియదా? మా ఇంట్లో వెనక గది ఉందని ఆమెకు తెలుసు. కానీ ఆ గదిలో ఏముంది? పేటెంట్లు! మానవజాతి పురోగతిని తీసుకెళ్ళి వరండాలో పడేసి, ఆ స్థానంలో తోబుట్టువుని పెట్టుకోవడం ఎంత అనాగరికమో మీరే చెప్పండి. అక్కకి ఆ మాట మొహం మీద చెప్పలేను. వినకుండా ఉండనూ లేను. అందుకని ఫోను వీపుకి ఆ అగ్గిపెట్టె అతికించాను.

ఇక ఆ రోజు నుంచి ఎంత హాయి! సాయంత్రం ఫోను మోగగానే ఎత్తి బల్ల మీద పెట్టేవాణ్ణి. అక్క మాట్లాడేది. యంత్రం ఊ కొట్టేది. నేను పేపరు చదువుకునేవాణ్ణి. మధ్యలో ఎప్పుడైనా ‘అయ్యో’ వినపడితే ఎవరికో ఒంట్లో బాలేదనుకునేవాణ్ణి. ‘అలాగే’ వినపడితే ఏదో అడిగిందనుకునేవాణ్ణి. ఏమడిగితే ఏముంది, ఫోన్లోంచి చెయ్యి బయటికి రాదుగా?

ఒక ఆదివారం పొద్దున నేను బనీను మీద ఉండగా మా గుమ్మం ముందు వ్యాను ఆగింది. మొదట కుట్టు మిషను దిగింది. తర్వాత మంచం, ఆ తర్వాత మా అక్క.

“ఏరా, గది ఖాళీ చేశావా?” అంది.

మా ఆవిడ నా వంక చూసింది. ఆ చూపుకి పేటెంటు అక్కర్లేదు, అలాంటిది ఇంకొకళ్ళు తయారుచెయ్యలేరు. తర్వాత చీర కుచ్చిళ్ళు దోపుకుని, “రండి వదినా, ముందు మంచం లోపల వేయిద్దాం” అని వెనక గదిలోకి వెళ్ళింది. మరుక్షణం ఆకాశం నిర్మలంగా ఉందంటూ గొడుగు వరండాలోకి వచ్చి పడింది. దాని వెనకే చెప్పులు, కప్పు. పురోగతి అంతా మూడు అట్టపెట్టెల్లో పట్టేసింది. ఆ గది ఖాళీ చెయ్యడం ఇంత తేలికని నాకు ముందెవరూ చెప్పలేదు!

సామాన్లు సర్దడం అయ్యాక, అక్క ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా గదిలోకి వెళ్ళాను. నేను నిజాయితీపరుణ్ణి. జరిగిన సాంకేతిక పొరపాటు ఆమెకు వివరించాలి కదా?

“అక్కా, ఆరోజు ఫోన్లో నువ్వు అడిగినప్పుడు అలాగే అన్నది...”

“నువ్వు కాదు. తెలుసు” అంది అక్క, మిషనుకి దారం ఎక్కిస్తూ.

“ఎలా తెలుసు?” అన్నాను.

“చిన్నప్పుడు నీకు అన్నం తినిపిస్తూ కథలు చెప్పింది ఎవర్రా? నువ్వు మెలకువగా ఊ కొడుతున్నావో, నిద్దట్లో కొడుతున్నావో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. నీ ఊ నాకు తెలీదా? మొదటిరోజే కనిపెట్టాను. ఎంతసేపు మాట్లాడినా ‘బస్సొచ్చింది ఉంటా’ అనదు. నువ్వెందుకవుతావు?”

“మరి తెలిసీ ఎందుకు మాట్లాడావే?”

“గోడతో మాట్లాడేకన్నా నయం కదరా. కనీసం అయ్యో అంటుంది. నువ్వు ఎన్నాళ్ళయింది నన్ను అయ్యో అని?”

సిగ్గేసింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి, “అయినా అక్కా, మిషను చెప్పిన మాట పట్టుకుని సామాన్లేసుకుని వచ్చేస్తావా?” అన్నాను.

“నిన్నడిగితే ఏమంటావో నాకు తెలుసు. ‘చూద్దాంలే అక్కా’ అంటావు. మూడోసారి కూడా ఆ మాట విన్నాక ఇక నీ గుమ్మం తొక్కడానికి నాకు మొహం ఉండేదా? అందుకని నిన్నడగలేదు. దాన్నడిగాను. ‘వచ్చెయ్యనారా?’ అన్నాను. ‘అలాగే’ అంది. నీ గొంతుతోనే అంది. అబద్ధమని తెలిసినా, వినడానికి ఎంత బాగుందో!” అని, దారం కొన పళ్ళతో తెంపింది.

నా చెయ్యి జేబులో ఉన్న ఫోను మీదికి పోయింది. కానీ ఎదురుగా ఉన్న మనిషికి ఆ యంత్రం పనిచెయ్యదు. దానికింకా పేటెంటు రాలేదు.

ఆ అగ్గిపెట్టెని అక్క విప్పించింది. లోపలి సరుకంతా మా తోడల్లుడికి తిరిగిచ్చేసి, ఖాళీ డబ్బాలో గుండీలు పోసుకుంది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆమె కుడుతూ చెబుతుంది, నేను స్టూలు వేసుకుని ఊ కొడతాను. కాస్త ఏమరుపాటైతే చాలు, మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపేస్తుంది. “అది నిద్ర ‘ఊ’ రా. మళ్ళీ మొదట్నుంచి చెబుతా, విను.” జాకెట్టు బిగుతైన మనిషి కథ నాకిప్పుడు కంఠతా వచ్చు. నిన్న దాని మధ్యలో నవ్వొచ్చి, నా గొంతులోంచి ఒక కొత్తరకం ఊ బయటికొచ్చింది. అది మా తోడల్లుడి రికార్డులో లేదు.

కాబట్టి పాఠకులారా, నా సలహా వినండి. ఈ యంత్రాన్ని వెంటనే కొనుక్కోండి, ఆలస్యం చెయ్యకండి! మీరు విన్నా వినకపోయినా ఫరవాలేదు. మీ అక్క వచ్చెయ్యనా అని అడిగినప్పుడు, అలాగే అనడానికి మీ ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా?