గదిలో ఏడో మనిషి

ఆ రోజు కార్యదర్శి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదింటికి గదిలోకి వెళ్లాలి, పదకొండున్నరకి బయటపడాలి, పన్నెండింటికల్లా ఇంటికి చేరి కూతుర్ని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆరు నెలలకోసారి చేసే పనే కాబట్టి కంగారేమీ లేదు. గుమ్మం దాటుతూ భర్తకీ అదే చెప్పింది.

"గంటన్నర పని. ఫోను లోపలికి పట్టుకెళ్లనివ్వరు. ఎత్తలేదని పదిసార్లు చెయ్యకు."

ఆమె పనిచేసేది లాభం ఆశించని ఒక చిన్న సంస్థలో. వెబ్‌సైటు తెరిచినప్పుడు చిరునామా పక్కన చిన్న తాళం బొమ్మ కనిపిస్తుంది కదా, అది ఉంటే మనం పంపే మాట దారిలో ఇంకెవరూ చదవలేరని అర్థం. అడిగినవాళ్లందరికీ ఆ తాళం ఉచితంగా ఇవ్వడమే ఈ సంస్థ పని. ఆసుపత్రులు, బడులు, చిన్నాచితకా పత్రికలు, ఇంట్లో దుప్పట్లు కుట్టి అమ్ముకునేవాళ్లు, ఇలా లక్షలమంది వాడుతున్నారు. ఆ తాళాలన్నిటికీ మూలం ఒకే ఒక తాళంచెవి. దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని భవనం నడిబొడ్డున కిటికీ లేని గదిలో ఉంచారు. ఆరు నెలలకోసారి సభ్యులంతా లోపల కూర్చుని దాని గడువు పొడిగించాలి. సంస్థ వకీలుగారికి కుదరక మూడుసార్లు వాయిదా పడి, పని ఆఖరి రోజుకి వచ్చింది. సాయంత్రం నాలుగు దాటితే లక్షల తాళాలు ఒక్కసారిగా ఊడిపోతాయి.

తొమ్మిదింటికి మొదటి దెబ్బ తగిలింది. బయటి సాక్షిగా రావలసినాయనకి జ్వరం. సంస్థలో పనిచేయని మనిషి ఒకరు పక్కనుండి, ప్రతి మెట్టూ కాగితం మీద రాసినట్టే జరిగిందని టిక్కు పెట్టకపోతే ఆ పని చెల్లదు. కార్యదర్శి పెదనాన్నకి ఫోను చేసింది. ఆయన ముప్ఫై ఎనిమిదేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది విశ్రాంతి తీసుకుంటున్నాడు.

"పెదనాన్నా, ఏం చేస్తున్నావు?"

"పేపర్లో తప్పులు దిద్దుతున్నా. మొదటి పేజీలోనే పదకొండున్నాయి."

"నాతో ఒక్క గంట రావాలి."

"నాకు కంప్యూటర్ల గురించి ఓనమాలు కూడా రావమ్మా."

"అందుకే నువ్వు కావాలి. రాసింది రాసినట్టు జరిగిందా లేదా, అంతే చూడాలి."

"అంతేనా! అయితే చొక్కా మార్చుకుంటా."

గది బయట కాపలామనిషి అందరి ఫోన్లూ, గడియారాలూ ఒక పెట్టెలో వేయించాడు. ఎందుకో అతను ఆ రోజు ఎవరి కళ్లలోకీ చూడడం లేదు. కరెంటుతో పనిచేసేది ఏదీ లోపలికి పోకూడదన్నది నిబంధన. పెదనాన్న చెవి మిషను కూడా కరెంటుదే. ఆయన దాన్ని తీసి పెట్టెలో వేసి, "ఇక మీరు అరిచినా నాకు వినబడదు. కాగితం చూసుకుంటూ పోతా" అన్నాడు.

లోపలికి వెళ్లినవాళ్లు ఆరుగురు. కార్యదర్శి, పెదనాన్న, సంస్థ అధ్యక్షుడు, లావు కళ్లద్దాల ఇంజనీరు, వకీలు, ఇంకా అందరూ పిన్నిగారని పిలిచే పెద్దావిడ. ఆ గది కట్టించింది ఆవిడ భర్తే. మనిషి బతికుండగా ఎవర్నీ నమ్మేవాడు కాదు. తలుపు పలికే మాటలు కూడా అద్దె గొంతుతో పలికించడం ఇష్టం లేక తనే రికార్డు చేశాడు. ఏడు నెలల క్రితం పోయాడు. ఆయన సభ్యత్వం ఆవిడకి వచ్చింది. బల్ల చుట్టూ ఆరు కుర్చీలున్నాయి. గోడని ఆనుకుని ఉన్న ఏడోది ఆయనది. తీసేయమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఉక్కు తలుపు మూసుకుంది. బయటి లోకం చప్పుడు కత్తిరించినట్టు ఆగిపోయింది. ఏడో కుర్చీ పక్క మూలలో నిలువెత్తు యంత్రాలు సన్నగా గుయ్యిమంటున్నాయి. అప్పుడు గోడలోంచి, చిన్న దగ్గు దగ్గి, పోయినాయన గొంతు మాట్లాడింది.

"నమోదైనవారు ఆరుగురు. లోపల ఉన్నవారు ఏడుగురు. దయచేసి సరిచూసుకోండి."

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. అధ్యక్షుడు వేలితో లెక్కపెట్టాడు. వకీలు ఇంకోసారి లెక్కపెట్టాడు. ఎన్నిసార్లు పెట్టినా ఆరుగురే.

"ఏమిటిది?" అన్నాడు అధ్యక్షుడు.

ఇంజనీరు పైకప్పు చూపించాడు. "ఆ కన్ను ఒంటి వేడిని బట్టి మనుషుల్ని లెక్కపెడుతుందండీ. లెక్క తేడా ఉంటే ఇనప్పెట్టె తెరుచుకోదు. తలుపు కూడా తెరుచుకోదు. దొంగ లోపలుంటే తాళంచెవితో పారిపోకూడదని పోయిన సార్ అలా పెట్టారు."

"మరి మనమెలా బయటికెళ్తాం?"

"ఆ ఎర్ర మీట నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. కానీ తాళంచెవి చెరిగిపోతుంది."

ఆ మాటతో గది ఇంకాస్త చిన్నదైపోయినట్టు అనిపించింది. ఇంజనీరు యంత్రం తప్పేమోనని దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. అది లేవడానికి నలభై నిమిషాలు పట్టింది. లేచి, దగ్గి, మళ్లీ ఏడుగురే అంది. ఇంకోసారి ఆపాడు. మళ్లీ నలభై నిమిషాలు. మళ్లీ ఏడుగురే. ప్రతిసారీ ఆ దగ్గు వినబడగానే పిన్నిగారు అలవాటుగా మంచినీళ్ల కోసం చుట్టూ చూసేది.

గోడ మీది గడియారం పన్నెండున్నర దాటింది. పళ్ల డాక్టరు సంగతి కార్యదర్శి మనసులోంచి ఎప్పుడో జారిపోయింది.

"ఈ దీపాల వేడికి కన్ను తికమక పడుతోందేమో. కాసేపు ఆర్పి చూద్దాం" అన్నాడు ఇంజనీరు.

దీపాలు ఆర్పారు. అంత చీకటి వాళ్లెవరూ ఎన్నడూ చూసి ఉండరు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఆ చీకట్లో ఎక్కడినుంచో సన్నటి చల్లగాలి వచ్చి కార్యదర్శి మెడ వెనక తాకింది. తలుపు కూడా గాలి చొరకుండా బిగించిన గది అది. తరవాత ఎవరో నిట్టూర్చారు.

"ఎవరది?" అన్నాడు వకీలు. అందరూ తాము కాదన్నారు.

కిర్రుమని ఒక చప్పుడయింది. ఇంజనీరు తడుముకుంటూ దీపాలు వేశాడు. గోడని ఆనుకుని ఉండవలసిన ఏడో కుర్చీ మూరెడు ముందుకి వచ్చి ఉంది.

అందరూ బల్లకి ఇవతలికి జరిగారు. పెదనాన్న మాత్రం దీపాలొచ్చాయని సంతోషించి, కళ్లద్దాలు సర్దుకుని, ఆరో మెట్టు దగ్గర టిక్కు పెట్టాడు. "మెట్టు ఆరు. దీపాలు పరీక్షించారు. సరే" అన్నాడు పైకే.

వకీలు గొంతు సవరించుకున్నాడు. "మరణించిన సభ్యుడి హాజరు చట్టరీత్యా చెల్లదు. ఇది ముందే చెప్తున్నా."

"చెల్లకపోతే వెళ్లమని మీరే చెప్పండి" అన్నాడు అధ్యక్షుడు. ఆయన అప్పటికే వెనక్కి నడుస్తూ ఎర్ర మీట ఉన్న గోడకి చేరుకున్నాడు.

"పోయినవాళ్లకి ఒంటి వేడి ఉండదు కదండీ" అన్నాడు ఇంజనీరు, ధైర్యం చెప్పబోతూ.

"ఆయనకి కోపం వస్తే ఒళ్లు కాలిపోయేది నాయనా" అంది పిన్నిగారు.

ఆవిడ భయపడలేదు. లేచి, చీర కొంగు సర్దుకుని, ఆ కుర్చీ ముందు నిలబడింది.

"ఏమండీ, మీరేనా? మీరే అయితే ఒక్కసారి చప్పుడు చెయ్యండి."

యంత్రాల వెనకనించి ఠంగుమంది.

వకీలు బల్ల పట్టుకున్నాడు. ఇంజనీరు వకీలుని పట్టుకున్నాడు. యంత్రాల కింద నించి ఒక చిన్న మర సీల నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చి, పిన్నిగారి కాళ్ల దగ్గర గుండ్రంగా తిరిగి, పడుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వచ్చారు సరే. మన ఇంటి బీరువా రెండో తాళంచెవి ఎక్కడ పెట్టారో అదైనా చెప్పండి. ఏడు నెలల్నించి వెతుకుతున్నా."

జవాబు లేదు. ఆవిడ కాసేపు ఎదురుచూసింది.

"ఆయనే" అంది అందరివైపూ తిరిగి. "సందేహం లేదు. పనికొచ్చే ప్రశ్న అడిగితే ఉలకరు, పలకరు."

"ఇక లాభం లేదు" అన్నాడు అధ్యక్షుడు. ఆయన చెయ్యి ఎర్ర మీట మీద ఉంది. "నేను నొక్కేస్తున్నా."

కార్యదర్శి ఒక్క ఉదుటున వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంది. "సార్, ఆగండి. ఆసుపత్రిలో రోగుల కాగితాలు ఆ తాళాల కింద ఉన్నాయి. మనం భయపడ్డామని వాళ్లందర్నీ నడివీధిలో నిలబెడతామా?"

"భయం నాకు కాదమ్మా, నా మోకాళ్లకి!"

ఆ వాదులాటలోనే మూడుంబావయింది. ఈ గొడవలో ఒక్క ముక్క కూడా వినబడని పెదనాన్న తన తోవన తాను మెట్టు తరవాత మెట్టు ఎక్కుతూనే ఉన్నాడు. ముద్రలు చూశాడు, కాగితాలు లెక్కపెట్టాడు, ఎనిమిదో పేజీలో రెండు అచ్చుతప్పులు దిద్దాడు. పద్నాలుగో మెట్టు దగ్గర ఆగాడు. "యంత్రాల వెనక ఖాళీగా ఉన్నట్టు సాక్షి స్వయంగా చూడవలెను" అని ఉంది. ఆరేళ్లుగా సాక్షులంతా కూర్చున్న చోటినించే టిక్కు పెట్టిన మెట్టు అది. పెదనాన్న పెన్సిలు చెవి మీద పెట్టుకుని లేచి, యంత్రాల పక్కకి నడిచి, వంగి చూశాడు. తీరిగ్గా వెనక్కొచ్చాడు.

"అమ్మాయ్, ఇక్కడ ఖాళీగా ఉండాలని రాశారు. లేదు. ఒకతను కూర్చున్నాడు. టిక్కు పెట్టనా, ఇంటూ పెట్టనా?"

మొదట కదిలింది పిన్నిగారే. ఆవిడ తొంగిచూసిన మరుక్షణం యంత్రాల వెనకనించి గావుకేక వినబడింది.

"నన్నేం చెయ్యొద్దు తల్లీ! మీ ఆయన్ని నేనెప్పుడూ చూళ్లేదు!"

అతను ఏసీ మెకానిక్. ముప్ఫై ఏళ్లుంటాయి. చేతిలో పానా, ఒళ్లంతా దుమ్ము, మొహంలో నెత్తురు చుక్క లేదు. మంచినీళ్లు లేవు కాబట్టి కార్యదర్శి తన చున్నీతో అతనికి విసిరింది. కాసేపటికి మాట వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి ఏసీ బాగుచేయడానికి వచ్చాడట. ఎవరైనా చూస్తే తన ఉద్యోగం పోతుంది, తొందరగా కానిచ్చెయ్యమని కాపలామనిషి చెప్పాడట. ఇంతలో తలుపు తెరుచుకుని వీళ్లు రావడంతో యంత్రాల వెనక నక్కాడు. సందు చూసుకుని జారుకుందామనుకున్నాడు.

"తరవాత గోడ మాట్లాడిందండీ. మీరేమో అది చచ్చిపోయినాయన గొంతన్నారు. దీపాలార్పారు. చీకట్లో పారిపోదామని యంత్రాల పక్కనించి చెయ్యి చాచి కుర్చీ లాగేసరికి మళ్లీ వేశారు, చటుక్కున వెనక్కి నక్కాను. ఈ అమ్మగారు ఆయన్ని పిలుస్తున్నారు. నా చేతిలో పానా జారిపోయింది. మీరు దెయ్యాల్ని పిలిచే సంఘం అనుకున్నానండీ. నాకు ఇద్దరు పిల్లలండీ."

"మమ్మల్ని చూసి నువ్వు భయపడ్డావా?" అన్నాడు వకీలు. ఆ మాటతో ఆయనకి తిరిగి బలం వచ్చినట్టయింది. "పాపం, అంత నిట్టూర్పు విడిచావు."

"నిట్టూర్పా? నేను ఊపిరే బిగబట్టుకుని కూర్చున్నానండీ."

దాని గురించి తరవాత ఎవరూ మాట్లాడలేదు.

"అది సరే, కుర్చీ ఎందుకు లాగావు?" అంది కార్యదర్శి. "అసలు లోపలికి ఎలా వచ్చావు? ఈ తలుపు మా ఆరుగురికి తప్ప తెరుచుకోదే."

"తలుపెందుకండీ?" మెకానిక్ ఏడో కుర్చీ పక్కకి జరిపి, గోడలోని తెల్లటి పలక పక్కకి తోశాడు. అది చెక్క పలక. వెనకనించి చల్లగాలి వచ్చింది. అవతల టీలు కాచుకునే గది, అందులో సగం కడిగిన కప్పులు కనిపించాయి. "ఏసీ గొట్టం కోసం పెట్టిన కన్నం. నాలుగు మరలు విప్పితే చాలు. ప్రతి వేసవికీ ఇలాగే వస్తున్నా."

ఉక్కు తలుపు వైపు ఒకసారి, కన్నం వైపు ఒకసారి అందరి చూపులూ తిరిగాయి. మెకానిక్ అందరికీ దణ్ణం పెట్టి అందులోంచి పాక్కుంటూ వెళ్లిపోయాడు. గోడ దగ్గింది.

"లోపల ఉన్నవారు ఆరుగురు. సరిపోయింది. ప్రారంభించవచ్చు."

ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. ఇనప్పెట్టె తెరుచుకుంది. కానీ పెదనాన్న సాక్షి సంతకం చేయనన్నాడు. "గోడకి మనిషి పట్టే కన్నం ఉన్న గదిని భద్రమైన గది అని నేనెలా రాస్తాను? కళ్లతో చూశాక?"

పిన్నిగారు ఏడో కుర్చీ లాక్కెళ్లి కన్నానికి అడ్డంగా వేసుకుని, వీపు పలకకి ఆనించి కూర్చుంది. "నన్ను దాటి ఎవరొస్తారో రమ్మను. మీ పని మీరు కానివ్వండి."

పెదనాన్న ఆవిడని ఎగాదిగా చూసి ఒప్పుకున్నాడు. నాలుగింటికి ఇంకా ఆరు నిమిషాలుందనగా గడువు పొడిగింపు పూర్తయింది. ఎక్కడా ఒక్క తాళం కూడా ఊడలేదు.

అప్పుడు ఆయన సాక్షి పుస్తకం తెరిచి రాయడం మొదలుపెట్టాడు. ఆ పుస్తకంలో ఉన్న ప్రతి అక్షరాన్నీ సంస్థ లోకానికంతటికీ చూపిస్తుంది. తొలి వాక్యం చదవగానే అధ్యక్షుడి మొహం మాడిపోయింది.

"పెద్దాయనా, కన్నం సంగతి రాయకండి. మన పరువు పోతుంది."

"ఆఁ? రాయమంటారా? రాస్తున్నానండీ."

"రాయొద్దు అంటున్నా!"

"కొలతలు కూడానా? మంచిది. రెండడుగుల కన్నం అని రాస్తున్నా."

అధ్యక్షుడు కార్యదర్శి వైపు తిరిగాడు. "మీ పెదనాన్నే కదా, మీరు చెప్పండి. మీ ఉద్యోగం కూడా ఇందులోనే ఉంది."

ఆమెకి అది తెలుసు. మమ్మల్ని నమ్మండి అని లోకానికి ఊరూరా చెప్పి తిరిగింది తనే. ఆమె పెదనాన్న దగ్గరికి వెళ్లి, చెవి దగ్గర నోరు పెట్టి, అందరికీ వినబడేలా అరిచింది.

"ఉన్నది ఉన్నట్టు రాయి పెదనాన్నా!"

ఆయన అలాగే రాశాడు. కన్నానికి అడ్డంగా కూర్చున్న ఆవిడని దాటి ఎవరూ రాలేదని కూడా రాశాడు. ఒక్క అచ్చుతప్పు లేదు. పుస్తకం బయటపెట్టిన రాత్రి కార్యదర్శి నిద్రపోలేదు. పొద్దున్నే ఉత్తరాలు వచ్చిపడ్డాయి. తిట్లు అనుకుని భయపడుతూ తెరిచింది. ఇలాంటి పని చేసే ఇంకో రెండు సంస్థలవాళ్లు వెళ్లి తమ యంత్రాల వెనక చూసుకున్నారట. ఒకరికి కన్నం కనిపించింది. ఇంకొకరికి మంచం, దుప్పటి, సగం చదివిన పత్రిక కనిపించాయి. తాళం కావాలని కొత్తగా అడిగేవాళ్ల వరుస ఆ వారంలోనే రెట్టింపయింది. కాపలామనిషి ఉద్యోగం పోలేదు. ఏసీ మెకానిక్‌ని ఏడాదికోసారి వచ్చి గదిలోకి ఎన్ని దారుల్లో దూరగలడో చూపించమని కార్యదర్శి స్వయంగా అడిగింది. పగటిపూటయితేనే వస్తానన్నాడు.

పాలకమండలి అత్యవసరంగా సమావేశమై, మూడు గంటలు చర్చించి, ముందు తలుపుకి ఇంకో తాళం వేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.