మునక సామాను విమానమెక్కిన వైనం

విమానాశ్రయంలో మన మూటలు విప్పి, తూచి, తడిమి, వాసన చూసే ఉద్యోగులను తిట్టేవాళ్లంటే నాకు గిట్టదు. నన్నడిగితే ఆ ఉద్యోగులకు ఊరూరా సన్మానం చేయాలి. కావాలంటే శాలువాలు నేను కొంటాను, టోకున.

మీరు నవ్వుతారు. ఉరవకొండలో వేరుశనక్కాయల వ్యాపారం చేసుకునేవాడికి విమానాలతో ఏం పని అంటారు. పని పడింది. అదీ మామూలు మూటతో కాదు, సముద్రంలో మునిగేవాళ్లు వాడే సామానుతో. కరువు ఏడాదిలో, అనంతపురం జిల్లాకు, నీళ్లలో మునిగే సామాను మోసుకొచ్చిన మొదటి వ్యాపారిని నేనే. రెండోవాడు ఉండడని నా అంచనా.

సంగతి ఇది. విడపనకల్లు దాటాక మా సొంత ఊరు. ఊరంతటికీ తాగే నీళ్ల బావి ఒక్కటే. లోతైన రాతి బావి. ఆడవాళ్లు పొద్దస్తమానం చేదుకుంటూనే ఉండాలి. వానలు లేని ఏడు కూడా మా ఊళ్లో తప్పకుండా కాసే కాయలు ఆ ఆడవాళ్ల అరచేతుల్లోవే.

ఆ బావికి మోటారు పెట్టి వీధికో కొళాయి ఇస్తామని సర్కారు మంజూరు చేసింది. కాంట్రాక్టరు ఒక పెద్ద చెక్కపెట్టెతో వచ్చాడు. పెట్టెకు ఇనుప పట్టీలు, పట్టీలకు లక్క ముద్రలు. ఊరంతా పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, హారతి పట్టింది. మోటారుకు గీత పడకూడదని కాంట్రాక్టరు దాన్ని పెట్టెతో సహా బావి లోపలి తిన్నె మీదికి దింపిస్తుండగా తాడు తెగింది. పెట్టె బుడుంగున మునిగింది. ఆయన తల పట్టుకుని గట్టుమీద కూలబడ్డాడు. ఆ దుఃఖం చూడలేక మా ఊరివాళ్లే మజ్జిగ పోసి ఓదార్చారు.

ఇంజనీరు ఆఫీసు తీర్పు చెప్పింది. మోటారు మీ ఊరికి అప్పజెప్పాం, మీ బావిలో పడింది. పైకి తీసి చూపిస్తే బాగుచేయించి బిగిస్తాం, లేకపోతే పథకం అంతటితో సరి!

బావి తోడించి తీయవచ్చు కదా అంటారా? నడి ఎండాకాలంలో తాగే నీళ్లు తోడి నేలపాలు చేసే ఊరు మా జిల్లాలో ఉంటే చెప్పండి, పోయి చూసొస్తాను. ఈత వచ్చిన మగవాళ్లు దిగారు. అడుగు తగలక ముందే ఊపిరి చాలక పైకి వచ్చారు.

అప్పుడు నల్లమ్మ కొడుకు ఓబుళేసు గుర్తుకొచ్చాడు. మా ఊరి బావుల్లో ఈత నేర్చి, బొంబాయి చేరి, సముద్రంలో చమురు తీసే కంపెనీలో మునకగాడయ్యాడు. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని నీళ్ల అడుగున మరలు బిగిస్తాడు. సరిగ్గా అప్పుడే నేను నూనె మిల్లుల పనిమీద బొంబాయి పోతున్నాను. అతన్ని సామానుతో సహా పిలుచుకురమ్మని ఊరు నాకు అప్పగించింది. బావి దగ్గర ఎవరి వంతు ఎప్పుడో తేల్చే పెద్దమనిషి తిమ్మక్క. ఆమె నన్ను సాగనంపిన తీరు వినండి.

"శెట్టీ, ఇంతవరకూ ఈ ఊరికి నువ్వు చేసింది ఏమన్నా ఉండాదంటే అది తూకంలో తరుగు తీసేదే. ఈ పనన్నా సక్రమంగా చేసుకోని రా."

ఇంత ఆశీర్వాదం పొందాక కాదనగలనా?

ఓబుళేసుకు సెలవు తక్కువ. రైలెక్కితే దారిలోనే కరిగిపోతుంది. అందుకని బెంగళూరు దాకా విమానం. మూట కట్టే పని నేను తీసుకున్నాను. గోతం, దబ్బనం, పురికొస ఉంటే ఈ భూమండలాన్ని కుట్టి లారీకెక్కించగలను. మూతికి తగిలించుకునే రబ్బరు గొట్టాన్ని నా పంచెలో చుట్టాను. కళ్లద్దాన్ని, కాళ్లకు తొడుక్కునే రబ్బరు రెక్కల మధ్య దాచాను. మూటలో సందు ఉంటే సరుకు కదులుతుంది, కదిలితే పగులుతుంది. కాబట్టి సందుసందునా ఓబుళేసు బనియన్లు కూరాను.

విమానాశ్రయంలో మొదట కనబడింది కాటా. మనిషికి ఇరవై కిలోలే అనుమతి అన్నారు. మూట పెట్టాం. ముల్లు ఊగి, ఊగి, నిలబడింది. అంతసేపూ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు! ఇన్నేళ్ల వ్యాపారంలో అంత ఒంటరి ముల్లును నేను చూడలేదు. చేతులు జోడించాను.

బరువు చాలా ఎక్కువైంది. విప్పి చూస్తే సీసం దిమ్మెలు.

"మునిగేవానికి సీసం ఎందుకప్పా?" అన్నాను.

"ఆ రబ్బరు చొక్కా తొడుక్కుంటే మనిషి తేలిపోతాడు శెట్టన్నా. మునగల్లంటే నడుముకు బరువు కావల్ల."

"బరువుకు విమానమెందుకు? నా అంగట్లో తూకం రాళ్లుండాయి గదా."

సీసం బొంబాయిలోనే మిగిలింది. చూశారా, నిబంధన లేకపోతే ఈ తెలివి పుట్టేదా? నా తూకం రాళ్లతో మునిగినవాళ్లు ఇదివరకే చాలామంది ఉన్నారని గిట్టనివాళ్లు అంటుంటారు. నీళ్లలో మునగబోయేవాడు మాత్రం ఓబుళేసే మొదలు.

అప్పటికీ బరువు దిగలేదు. నేను చుట్టూ చూశాను. మూటను తూస్తున్నారు గాని మనిషిని తూయడం లేదు. నాకంటే రెండింతలున్న ఒక సేటూ నేనూ ఒకే ధర టికెట్టు మీద పోతున్నాం. ఇది కంపెనీవాళ్లు వ్యాపారుల కోసమే వదిలిన సందు కదా? చాటుకు పోయి ఓబుళేసు రబ్బరు చొక్కా, రబ్బరు లాగూ తొడుక్కుని, పైన జుబ్బా, పంచె కట్టుకుని వచ్చాను. బొంబాయి ఎండాకాలం. నాలోంచి కారిన చెమటతో మా ఊరికి ఒక పూట గడిచేది. విమానమెక్కాక పక్క సీటాయన వేరే చోటు వెతుక్కున్నాడు. నాకు రెండు సీట్లు దక్కాయి. ఇదీ లాభం కిందే రాసుకోండి.

కాటా తరువాత సిలిండరు వంతు. నిండు సిలిండరు విమానమెక్కడానికి వీల్లేదు, గాలి వదిలేయమన్నాడు అధికారి. ఓబుళేసు బతిమాలాడు. గాలి లేని సిలిండరు మోసుకుపోయి ఏం లాభం అన్నాడు. అధికారి ఆశ్చర్యపోయి, మీ ఊళ్లో గాలి ఉండదా అని అడిగాడు. నేను మా బజారు ఉర్దూలో, మా ఊళ్లో కరువు లేనిది దానికొక్కదానికే అని ఒప్పుకున్నాను. మర తిప్పగానే పెద్ద బుస. వరుసలో నిలబడ్డ జనం చెల్లాచెదురయ్యారు. మేము వరుసలో ముందుకు పోయాం.

మునకగాడు కాలికి కట్టుకునే కత్తిని కూడా తీసుకుని, దిగాక ఇస్తామని పైలట్ దగ్గర పెట్టారు. ఆ కత్తి మాకంటే మంచి చోట కూర్చుని ప్రయాణం చేసింది.

ఆపైన నేను దబ్బనంతో కుట్టిన గోతాన్ని మొత్తం కోసి, ప్రతి వస్తువూ బయటికి తీసి, ఇదేమిటి అదేమిటి అని అడిగి, ఓబుళేసు బనియన్లు ఒక్కొక్కటే దులిపి చూశారు. ఆ శ్రద్ధకు నా కళ్లు చెమర్చాయి. అప్పటికి శరీరంలో చెమట అయిపోయింది కాబట్టి అవి కన్నీళ్లే అయి ఉండాలి.

బెంగళూరులో, మంటలార్పేవాళ్ల సిలిండర్లు నింపే ఒక ఫ్యాక్టరీలో ఓబుళేసు స్నేహితుడుంటే అక్కడ గాలి నింపించాం. నేను రబ్బరు విప్పి మూటలో కుట్టాను. నా కాయల లారీలో ఉరవకొండ చేరాం. మూట మా మండీలో దిగిందో లేదో, రామాంజులు వచ్చాడు. మొనదేలిన ఇనుప గొట్టంతో గోతాన్ని పొడిచి మచ్చుకు కాయలు తీసి చూడటం అతని ఉద్యోగం. గోతం కనబడితే అతని చెయ్యి ఆగదు. పొడిచాడు. గొట్టంలోంచి నల్లటి రబ్బరు ముక్క రాలింది. అరచేతిలో వేసుకుని, నలిపి, వాసన చూశాడు.

"ఏమప్పా శెట్టీ, ఈ తూరి కాయ శానా నల్లగా వచ్చినట్లుండాదే. తేమ గూడా ఎక్కువే."

మా మండీలో పొడిచి చూడకుండా ఏ గోతాన్నీ ఎవరూ నమ్మరు. నాకు కోపం రాలేదు.

మా ఊరు చేరేసరికి బావి చుట్టూ జనం. ఆఫీసు తరఫున ఒక గుమాస్తా కూడా వచ్చాడు. ఓబుళేసు ముందు రబ్బరు రెక్కలు తీశాడు. తిమ్మక్క చేద కింద పెట్టి అడ్డం వచ్చింది.

"తాగే నీళ్లల్లోకి చెప్పులేసుకోని దిగుతావేమిరా?"

"ఇవి చెప్పులు గావు అవ్వా. రెక్కలు."

"రెక్కలైతే ఎగురు. కాళ్లకు తొడిగేది ఏదైనా చెప్పే."

రెక్కలు పక్కకు పోయాయి. రబ్బరు చొక్కా వంతు వచ్చింది. తిమ్మక్క దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, చిల్లులోంచి ఒకసారి నన్ను చూసింది.

"ఇది యెవురు తొడిగినారు?"

ఓబుళేసు నావైపు చూశాడు.

"ఓహో. ఇన్నేండ్లు శెట్టి మన చెమట తాగినాడు. ఇప్పుడు మనం శెట్టి చెమట తాగల్లనేమో."

జనం నవ్వారు. గుమాస్తా అందరికంటే ఎక్కువ నవ్వాడు.

చివరికి ఓబుళేసు కొత్త పంచె గోచీ పెట్టి, వీపుకు సిలిండరు, కళ్లకు అద్దం, నోట్లో గొట్టంతో దిగాడు. రబ్బరు లేదు కాబట్టి నా తూకం రాయి ఒక్కటి చాలన్నాడు. దాన్ని కూడా చింతపండుతో తోమిగాని నడుముకు కట్టనివ్వలేదు. ఇప్పుడు చెప్పండి, ఇంత సామాను అక్కర్లేదని బొంబాయి కాటా ముందే చెప్పలేదా? విన్నామా?

బుడగలు పైకి వస్తున్నాయి. నల్లమ్మ తన కొడుకు నడుముకు కట్టిన తాడు చివర పట్టుకుని కూర్చుంది. ఆడవాళ్లంతా గట్టుమీద వంగి బుడగలనే చూస్తున్నారు. ఎవరి వీధికి ముందు కొళాయి రావాలన్న తగాదా అప్పుడే మొదలైంది. తాడు కదిలింది. ఓబుళేసు పెట్టెకు బిగించిన మోకులు లాగారు. నీళ్లోడుతూ పెట్టె పైకొచ్చింది. పట్టీలు, ముద్రలు చెక్కుచెదరలేదు.

"ముద్ర చెడిపోగూడదు. అట్లనే ఆఫీసుకు పంపిద్దాం," అన్నాడు గుమాస్తా.

"మా మోటారు మొగం మేము చూడగూడదా?" అని తిమ్మక్క గడ్డపార అందుకుంది.

పలక లేచింది. లోపల తడిసిన వరిగడ్డి. గడ్డిలో ఒద్దికగా పేర్చిన రాళ్లు.

మూటలు కట్టి బతికేవాడిగా ఒక్క మాట చెప్పాలి. ఆ ప్యాకింగ్ అద్భుతం. అంత ఎత్తునుంచి పడినా ఒక్క రాయి కదల్లేదు.

తిమ్మక్క ఒక రాయి తీసి తిప్పి చూసింది.

"ఇవి మన గుట్టవే గదా," అంది.

మర్నాడు పెట్టెను నా లారీకెక్కించాం. పైకి తీసి చూపిస్తే బాగుచేయిస్తామన్నారు కదా, చూపిద్దామని ఊళ్లో సగంమంది ఎక్కారు. ఇంజనీరు ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. పెట్టెలో ఏముందో విప్పి చూపించనిదే లోపలికి పోనియ్యనన్నాడు. నేను అక్కడికక్కడే అతనికి నమస్కారం పెట్టాను. ఇలాంటివాళ్లు ఆఫీసులోకి వచ్చే పెట్టెల దగ్గరే కాకుండా, ఆఫీసు నుంచి పోయే పెట్టెల దగ్గర కూడా ఒకడుంటే, నేను రబ్బరు తొడుక్కోవలసిన అవసరం ఉండేదా?

అతను రాళ్లు ఒక్కొక్కటే తీసి చూసేసరికి ఎండ ముదిరింది. తిమ్మక్క తాగడానికి నీళ్లడిగింది. తోట పక్కన కొళాయి ఉంది, పోయి తాగమన్నాడు.

కొళాయి తిప్పగానే ధారగా నీళ్లు. తిమ్మక్క దోసిలి పట్టి కడుపునిండా తాగింది. కట్టేయకుండా కొంచెంసేపు అలాగే నిలబడి, గోడ అవతల ఉన్న చిన్న షెడ్డువైపు చెవి పెట్టింది. లోపల ఏదో సన్నగా, తడబడకుండా తిరుగుతోంది.

"కొత్తదే, శెట్టీ," అంది.