అమ్మిరాజు గారి ఇబ్బంది దరఖాస్తు

ఆ సోమవారం పొద్దున్న అమ్మిరాజు గారి పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇంట్లోంచి బయల్దేరడం, మూడు సంతకాలు సంపాదించడం, దరఖాస్తు పంపేయడం, భోజనం వేళకి తిరిగి రావడం. భార్య రత్నమాణిక్యం పనసపొట్టు కూర చేస్తానని మాట కూడా ఇచ్చింది.

ఆయన మండపేట దగ్గర గున్నమ్మపాలెంలో ఒక తవుడు నూనె కంపెనీకి షేర్ల గుమాస్తా. నాలుగొందల మంది రైతులు తలా కాసిని షేర్లు కొని నిలబెట్టిన కంపెనీ అది. ఎవరి షేరు ఎవరి పేరు మీదికి మారింది, ఏడాదికి లాభమెంత, మీటింగు ఎప్పుడు లాంటి సంగతులన్నీ హైదరాబాదులోని కంపెనీల రిజిస్ట్రారు ఆఫీసుకి తెలియజేయాలి. ఇరవయ్యారేళ్లుగా ఆ కాగితాలన్నీ ఆయనే టైపు కొట్టి, మూలన పిన్ను గుచ్చి, రిజిస్టరు పోస్టులో పంపుతున్నారు. రెండువేల ఆరులో ఆ ఆఫీసువారికి హఠాత్తుగా కాగితం మీద విరక్తి పుట్టింది. ఇకమీదట అన్నీ కంప్యూటర్ ద్వారానే పంపాలనీ, నిజంగా ఇబ్బంది ఉన్న కంపెనీలు మాత్రం మినహాయింపు కోరవచ్చుననీ ఉత్తర్వు వేశారు.

అందరికంటే ఎక్కువ షేర్లున్న యజమాని వెంకటరామరాజు గారు ఆ ఉత్తర్వు చదివి అమ్మిరాజు గారిని పిలిచారు.

"మినహాయింపు వస్తే ఏ గొడవా లేదండీ, మీ పని మీదే. రాకపోతే మాత్రం ఒకటో తారీఖు నుంచి కంప్యూటర్ తెలిసినవాళ్లని పెట్టుకోక తప్పదు. మీరు హాయిగా విశ్రాంతి తీసుకుందురు గాని."

విశ్రాంతి అన్న మాటకి అమ్మిరాజు గారికి చెమటలు పట్టాయి. యాభై నాలుగేళ్ల మనిషి పొద్దున్నే తెల్లచొక్కా తొడుక్కుని ఎక్కడికీ వెళ్లకపోవడమంటే ఎలా ఉంటుందో ఆయన ఊహకి అందలేదు. ఆ ఉద్యోగం ఆయనకి ఇష్టం. అంతకంటే పెద్ద కారణం లేదు.

దరఖాస్తు ఫారం తెప్పించి చూస్తే ప్రాణం కుదుటపడింది. ఫోను లైను బాగుండదని టెలిఫోను ఆఫీసరూ, కరెంటు నిలవదని కరెంటు ఆఫీసరూ, సిబ్బందిలో కంప్యూటర్ తెలిసినవారు లేరని యజమానీ రాసివ్వాలి. మూడూ నిజాలే. అబద్ధం కలపనక్కర్లేని దరఖాస్తు ఆయన చేతికి రావడం అదే మొదటిసారి. నింపడానికి ఇరవై నిమిషాలు పడుతుందని ఫారం మీదే అచ్చేశారు. కంప్యూటర్ వాడలేమని చెప్పుకునే ఆ దరఖాస్తుని కంప్యూటర్‌లోనే పంపాలని కూడా అచ్చేశారు గానీ, మండపేటలో ఇంటర్నెట్ సెంటరు ఉంది కదా అని ఆయన దాన్ని పట్టించుకోలేదు.

మొదట టెలిఫోను ఆఫీసరు దగ్గరికి వెళ్లారు.

"మా ఫోను సరిగ్గా పనిచెయ్యదని ఓ ముక్క రాసిస్తారాండీ?"

"అయ్యయ్యో! ఎన్నాళ్లనించండీ?"

"పదకొండేళ్లనించండీ."

"పదకొండేళ్లా! ఒక్క మాట మా చెవినెయ్యకూడదటండీ? మేమేమన్నా పరాయివాళ్లమా?"

"పర్లేదండీ, మాకు అలవాటైపోయింది. మీరు రాసిస్తే చాలు."

"రాసివ్వడమేంటండీ, చేసిపెడతాను గానీ!" అని ఆఫీసరు కుర్చీలోంచి లేచారు. సాయంత్రానికల్లా ఇద్దరు లైన్‌మన్‌లు వచ్చి స్తంభం నుంచి బల్ల దాకా కొత్త వైరు వేశారు. రిసీవరు ఎత్తితే గొంతు పక్కగదిలోంచి వచ్చినంత శుభ్రంగా వినిపించింది. అమ్మిరాజు గారు వాళ్లకి కాఫీలు పోయించి, వాళ్లు వెళ్లాక తల పట్టుకున్నారు. ఆ రోజు పనసపొట్టు కూర చల్లారిపోయింది.

మర్నాడు కరెంటు ఆఫీసరు ఆయన చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు.

"మిల్లుకి జనరేటరు ఉందిగా అండీ?"

"ఉందండి. ఆఫీసు గది మాత్రం ఊరి లైను మీద ఉందండి."

"ఎందుకనండీ?"

ఇరవయ్యారేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అమ్మిరాజు గారు ఆలోచించి, "ఏమోనండీ," అన్నారు. ఆఫీసరు తన వెంట ఎలక్ట్రీషియన్ని కూడా తీసుకొచ్చి, దగ్గరుండి జనరేటరు షెడ్డు నుంచి ఆఫీసు గదికి ఇరవై గజాల వైరు లాగించారు. "ఇంక కరెంటు పోయినా మీకు తెలీదండీ," అని నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. అంత మంచివాళ్ల మధ్య బతకడం ఎంత ప్రమాదమో అమ్మిరాజు గారికి అప్పుడే తెలిసింది.

మూడో సంతకం ఒక్కటే దక్కింది. "కంప్యూటర్ తెలిసినవారు మా ఆఫీసులో ఎవరూ లేరు" అన్న కాగితం మీద వెంకటరామరాజు గారు చదవకుండానే సంతకం పెట్టారు.

దొరకని ప్రతి సర్టిఫికెట్‌కీ, అది ఎందుకు దొరకలేదో విడిగా వివరణ ఫారం జతచేయాలని నిబంధన. ఆ వివరణకి ఒక అనుబంధం, ఆ అనుబంధానికి ఒక విషయసూచిక. వీటన్నిటినీ పట్టుకుని అమ్మిరాజు గారు మండపేట ఇంటర్నెట్ సెంటరుకి రోజూ బస్సులో తిరగడం మొదలుపెట్టారు. సెంటరు నడిపే శ్రీదుర్గ టైపు చేస్తుంటే ఆయన పక్కన కూర్చుని చెప్పేవారు.

"'హవెవర్' తర్వాత కామా పెట్టమ్మా."

"పెట్టానండి."

"అది చుక్కలా ఉందమ్మా. కాస్త తోక రావాలి."

మూడోరోజుకి శ్రీదుర్గ లేచి కుర్చీ ఆయన వైపు జరిపింది. "మావయ్యగారూ, టైపు హయ్యరు పాసయ్యానన్నారుగా. అక్షరాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, మీరే కొట్టుకోండి. కామాకి తోక మీ ఇష్టమొచ్చినంత పెట్టుకోండి."

ఆయన కొట్టుకున్నారు. తప్పు పడితే తెల్లరంగు పూయనక్కర్లేదని తెలిసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. పేజీలు కలపడం, గడులు గీయడం, సంతకం కాగితాన్ని బొమ్మలా లోపలికి ఎక్కించడం ఒక్కొక్కటే శ్రీదుర్గని అడిగి చేశారు. ఇవన్నీ దరఖాస్తు తాలూకు పనులే అనుకున్నారు తప్ప వాటికి వేరే పేరుందని ఆయనకి తోచలేదు. ఫోను గురించి, "ఇబ్బంది మొన్నటివరకు ఉన్నది, నేడు తొలగినది, త్వరలో తిరిగి రాగలదని ఆశిస్తున్నాము" అని ఇంగ్లీషులో రాశారు. నింపడానికి పట్టిన సమయం అన్న చోట ఇరవై నిమిషాలు కొట్టేసి, నిజాయితీగా పదకొండు రోజులు అని వేశారు. ముప్ఫై ఒక్క పేజీల దరఖాస్తు పన్నెండో రోజున హైదరాబాదు వెళ్లింది.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. దరఖాస్తు పెట్టిన సంగతి వాటాదారులకి తెలిసేలా వారం రోజులు నోటీసు పెట్టాలని ఆఖరి నిబంధన. అమ్మిరాజు గారు గుండ్రటి చేతిరాతతో "కంపెనీకి గల ఇబ్బందుల దృష్ట్యా" అని పెద్దక్షరాల్లో మొదలుపెట్టి, మిగతాది చిన్నక్షరాల్లో రాసి గేటుకి అంటించారు. చూసినవాళ్లు పెద్దక్షరాలు చదివి ఊళ్లోకి వెళ్లారు. రెండోరోజుకి కంపెనీ నష్టాల్లో ఉందన్నారు. నాలుగోరోజుకి మిల్లు మూసేశారన్నారు. ఆరోరోజు పొద్దున్న వెంకటరామరాజు గారు కారు దిగేసరికి ఆఫీసు వరండా నిండా వాటాదారులే.

కొవ్వూరు నుంచి బంగార్రాజు గారు లారీడు తవుడుతో వచ్చారు. "తవుడు లేక మిల్లు ఆగిపోయిందట కదండీ. ముందు ఇది ఆడించుకోండి, మాటలు తర్వాత!" అన్నారు. పది షేర్లున్న పెద్దింట్లమ్మ గారు వెంకటరామరాజు గారి చేతిలో ఆవకాయ జాడీ పెట్టి, "పిల్లలకి అన్నంలోకైనా ఉంటది బాబూ. మొహమాటపడకు," అని కళ్లొత్తుకున్నారు.

మూడంతస్తుల మేడ ఉన్న వెంకటరామరాజు గారు జాడీ పట్టుకుని గుమాస్తా వైపు తిరిగారు. "అమ్మిరాజు గారూ, ఏంటండీ ఇదంతా?"

ఫోను బాగుంది, కరెంటు బాగుంది, కంపెనీ లాభాల్లో ఉంది. చెప్పడానికి నిజం ఒక్కటే మిగిలింది.

"కంపెనీకి ఏ ఇబ్బందీ లేదండి. ఇబ్బంది నాదండి. కంప్యూటర్ వస్తే నేనెందుకని భయపడ్డానండి. పొద్దున్న లేస్తే ఇక్కడికి రావడం తప్ప ఇంకోటి తెలీదండి నాకు."

బంగార్రాజు గారు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నారు. ఇరవయ్యారేళ్లుగా ఎదుటి బల్ల దగ్గర ఉన్న మనిషితో విశ్రాంతి అని ఎంత తేలిగ్గా అనేశానా అని వెంకటరామరాజు గారికి సిగ్గేసింది.

అప్పుడే ఆటో ఆగి శ్రీదుర్గ పరుగున వచ్చింది. "మావయ్యగారూ! హైదరాబాదు నుంచి జవాబు! ప్రింటు తీసి తెచ్చాను."

యజమాని అందుకుని పైకి చదివి, అందరికీ తెలుగులో చెప్పారు. మినహాయింపు నిరాకరించడమైనది. పెద్దింట్లమ్మ గారు "అయ్యో తండ్రీ" అన్నారు. యజమాని చదువుతూనే ఉన్నారు. మీరు కంప్యూటర్ ద్వారా పంపిన ముప్ఫై ఒక్క పేజీలు అనుబంధాలతో, విషయసూచికతో సహా ఒక్క తప్పు లేకుండా అందినవి. ఇంత సక్రమమైన దాఖలు ఇంతవరకు ఏ కంపెనీ నుంచీ మాకు రాలేదు. కావున మీ సిబ్బందిలో కంప్యూటర్ తెలిసినవారు లేరన్న మాటను నమ్మలేకపోతున్నాము.

వెంకటరామరాజు గారు కళ్లజోడు తీశారు. "ఇది ఎవరు చేశారండీ?"

"నేనేనండి," అన్నారు అమ్మిరాజు గారు, నేరం ఒప్పుకుంటున్నట్టు.

"మొత్తం ఆయనేనండి," అంది శ్రీదుర్గ. "మొదట్లో నేను పెట్టిన కామాలు కూడా ఆయనే మార్చేసుకున్నారు."

బంగార్రాజు గారు పెద్దగా నవ్వేశారు. వెంకటరామరాజు గారు ఆవకాయ జాడీని బల్ల మీద పెట్టి అమ్మిరాజు గారి రెండు చేతులూ పట్టుకున్నారు.

"కంప్యూటర్ రేపే తెప్పిస్తానండి. ఎక్కడ పెట్టుకుంటారో చెప్పండి చాలు. ఎవర్నీ పెట్టుకోను, మీరు ఎప్పుడు మానేస్తానంటే అప్పుడే."

అమ్మిరాజు గారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడానికి ఆ ఉత్తరం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా తనే చదువుకున్నారు. అట్టడుగున, సంతకం కింద, చిన్నక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది.

"ఈ నిర్ణయంపై అప్పీలు చేయదలచినవారు కాగితంపై టైపు చేసి, మూడు ప్రతులను రిజిస్టరు పోస్టులో పంపవలెను, కంప్యూటర్ ద్వారా వచ్చినవి స్వీకరించబడవు."